గోడ తీయడానికి ముందే దూలం: పాఠకుల ప్రశ్నలు, ఇంజనీరు సమాధానాలు

ఒడిశాలోని గంజాం, రాయగడ, గజపతి జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఐదు ఒకే విషయం మీద ఉన్నాయి. ఉన్న ఇంట్లో గోడ కొట్టి గదులు కలుపుకోవడం, దారి వెడల్పు చేయడం, వీధి వైపు షట్టరు పెట్టుకోవడం గురించి అడిగారు. గుణుపురం ఉత్తరాన్ని వరస తప్పించి ముందుకు తెచ్చాను. ఆ ఇంటివారికి ఫోనులో అప్పుడే చెప్పవలసినది చెప్పాను. అయినా దూలం వేయకముందే గోడ కొట్టే ఆ పొరపాటు ఇంకో ఇంట్లో జరగకుండా ఉండాలని ఇక్కడ కూడా రాస్తున్నాను.

ప్రశ్న (గుణుపురం నుంచి ఒక పాఠకుడు): మా రెండంతస్తుల డాబాలో కింద వంటగదికి, భోజనాల గదికి మధ్య ఉన్న 9 అంగుళాల గోడలో 6 అడుగుల వెడల్పున దారి తీయించాము. మేస్త్రి రెండు సరుగుడు కర్రలు పోటు పెట్టి గోడ కొట్టేశాడు, బీము తరవాత పోద్దామన్నాడు. మూడో రోజుకు పైనున్న గోడలో దారి రెండు మూలల నుంచి ఏటవాలుగా బీటలు వచ్చాయి. మేడ మీది గది తలుపు కూడా పట్టేస్తున్నది. బీటలకు సిమెంటు పూస్తే సరిపోతుందా?

సమాధానం: సరిపోదు, పూయనే వద్దు. పూస్తే బీట పెరుగుతున్నదో ఆగిందో తెలుసుకునే దారి కూడా మూసుకుపోతుంది.

కింది ఆధారం పోయినప్పుడు ఇటుక గోడ వెంటనే కూలదు. దారికి పైన ఉన్న ఇటుకలు తమంతట తాము ఒక కమానులాగా సర్దుకుని బరువును రెండు పక్కలకూ తోస్తాయి. ఆ కమానుకు లోపల మిగిలిన త్రికోణం మాత్రం కిందికి జారాలని చూస్తుంది. మీరు చూసిన ఏటవాలు బీటలు ఆ త్రికోణపు అంచులే. పై తలుపు పట్టేయడాన్ని బట్టి గోడ కొద్దిగా కిందికి దిగిందని కూడా తెలుస్తున్నది.

ఈ రోజే మేడ మీద మనుషులను పడుకోనివ్వవద్దు. ఆ గది మీద నీళ్ల ట్యాంకు ఉంటే ఖాళీ చేయించండి, ఎందుకంటే వెయ్యి లీటర్ల నీళ్లంటే ఒక టన్ను బరువు. బియ్యం బస్తాలు, బీరువాలు పక్క గదిలోకి మార్చండి. తరవాత గోడకు రెండు వైపులా, గోడ నుంచి రెండడుగుల దూరంలో, మూడడుగులకు ఒకటి చొప్పున మరతో బిగించే ఇనుప జాకీలు నిలబెట్టించండి. పైన స్లాబుకు ఆనేలా, కింద నేల మీద పరిచేలా మందమైన పలకలు వేయించడం తప్పనిసరి. జాకీ స్లాబుకు గట్టిగా తగిలేంత వరకే బిగించాలి. దిగిన గోడను పైకి ఎత్తుదామని ఇంకా తిప్పితే స్లాబు పై వైపు కొత్త పగుళ్లు వస్తాయి. జాకీలు స్లాబును ఆపుతాయి గాని పై గోడను నేరుగా ఆపవు. అందుకని దారి మధ్యలో సిమెంటు మాలుతో 18 అంగుళాల ఇటుక స్తంభం ఒకటి కట్టించి, దాని తలకు, గోడ అడుగుకు మధ్య గట్టి చెక్కలు బిగించమని చెప్పాను. దూలం వచ్చినప్పుడు దాన్ని తీసేయవచ్చు, దాని ఖర్చు కూడా ఏమంత ఎక్కువ కాదు.

ప్రతి బీట చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. వారం గడిచినా బీట గీత దాటకపోతే కదలిక ఆగినట్టు. బీటలు పూడ్చే పని అన్నిటికన్నా చివర, దూలం ఎక్కి బరువు తీసుకున్న తరవాత చేయాలి.

పోట్ల గురించి నా అనుభవంలోనిది ఒక మాట చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక ఇంట్లో నేనే దగ్గరుండి జాకీలు పెట్టించాను, పైన అంతా సక్రమంగానే ఉన్నది. నేల టైల్సు కింద ఉన్నది దిమ్మిస చేయని పూడిక మట్టి అని మాత్రం చూసుకోలేదు. రాత్రికి రాత్రి జాకీలు అర అంగుళం దిగాయి. అప్పటి నుంచి కింద పలక వేసే ముందు టైలు ఒకటి లేపి కింద ఏమున్నదో చూడడం అలవాటు చేసుకున్నాను.

ప్రశ్న (బరంపురం నుంచి ఒక పాఠకురాలు): మా మామగారు కట్టించిన రెండంతస్తుల ఇల్లు మాది. పిల్లర్లు లేవు, అన్నీ 9 అంగుళాల ఇటుక గోడలే. కింద 11 అడుగుల వెడల్పున్న హాలుకు, 9 అడుగుల వెడల్పున్న భోజనాల గదికి మధ్య 14 అడుగుల పొడవు గోడ ఉన్నది. అందులో 12 అడుగులు తీసేసి రెండు గదులను ఒకటి చేయాలని మా కోరిక. పై అంతస్తులో కూడా సరిగ్గా ఆ గోడ మీదే గోడ ఉన్నది. మా మేస్త్రి 'ఢలేయి (స్లాబు) నాలుగు గోడల మీద కూర్చున్నది, ఒకటి తీస్తే మూడు ఉంటాయి కదా' అంటున్నాడు. ఇనుప గడ్డరు వేయాలా, కాంక్రీటు బీము పోయాలా? ఎంత సైజు కావాలి?

సమాధానం: అమ్మా, మీ మేస్త్రి మాటలో సగం నిజం ఉన్నది. గది పొడవు వెడల్పుకు రెండింతలు మించనప్పుడు స్లాబు నాలుగు వైపులకూ బరువు పంచుతుంది, మీ రెండు గదుల స్లాబులూ అలాంటివే. అయితే ఆ స్లాబులోని ఊచలను నాలుగు గోడలూ ఉంటాయన్న లెక్క మీదనే వేశారు. అదీకాక, రెండు గదుల మీదుగా సాగే స్లాబులో ఆ మధ్య గోడ మీద పై వైపున ఊచలు ఉండాలి, రెండు గోడల మధ్య కింది వైపున ఉండాలి. మధ్య గోడ మాయమైతే 20 అడుగుల దూరం మీద స్లాబు వంగుతుంది, అక్కడ కింది వైపున చాలినన్ని ఊచలు ఉండవు. మూడు గోడలు మిగిలినా వాటి వల్ల స్లాబుకు కలిగే రక్షణ లేదు.

ఇక బరువు సంగతి చూద్దాం. గోడ మీదికి హాలు నుంచి సగం, భోజనాల గది నుంచి సగం వస్తాయి కనుక, గోడ ప్రతి అడుగు పొడవుకు 10 చదరపు అడుగుల స్లాబు అనుకోవచ్చు. మూలల దగ్గర ఇంత ఉండదు గాని, లెక్క భద్రత వైపు ఉండడం మంచిది. 5 అంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు అడుగుకు సుమారు 30 కిలోలు తూగుతుంది. పైన గచ్చు, టైల్సు, కింద పూత కలిపి 10 కిలోలు ఉంటాయి. మనుషులకు, సామానుకు ఇళ్లలో చదరపు మీటరుకు 200 కిలోలు లెక్క కట్టాలి, అది చదరపు అడుగుకు 18 పైచిలుకు అవుతుంది. అంటే మొత్తం 58 కిలోలు. డాబా స్లాబు కొంచెం తక్కువగా 55 అనుకుంటే, రెండు అంతస్తులూ కలిసి గోడ అడుగు పొడవుకు 1,130 కిలోలు. మేడ మీది 10 అడుగుల ఎత్తు గోడ మరో 400 కిలోలు. మొత్తం మీద అడుగుకు ఒకటిన్నర టన్ను, 14 అడుగులకు 21 టన్నుల పైచిలుకు.

మీరు 12 అడుగులు తీస్తే అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు గోడ మిగులుతుంది. 14 అడుగులు మోస్తున్న బరువంతా ఆ రెండు అడుగుల మీదికి వస్తుంది, అంటే ఏడు రెట్లు. అడుగు పొడవు, 9 అంగుళాల మందం ఉన్న ఆ మొండి గోడ మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 16 కిలోల ఒత్తిడి పడుతుంది. మామూలు ఇటుకతో, ఒకటికి ఆరు సిమెంటు మాలుతో కట్టిన గోడకు 4 నుంచి 6 కిలోలకు మించి బరువు పెట్టకూడదు. దూలం ఎంత గట్టిదైనా దాని చివరలు కూర్చునే చోటు నలిగిపోతే లాభం లేదు. దూలం సైజు అడిగేవారే గాని దాని కింద ఏమి మిగులుతుందని అడిగేవారు నాకు అరుదుగా తారసపడతారు. పునాదికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. 14 అడుగుల పొడవునా సమంగా దిగుతున్న బరువు రెండు చోట్ల గుచ్చినట్టు దిగుతుంది.

అందుచేత నా సలహా, 7 అడుగులు మాత్రమే తీయండి. అప్పుడు రెండు పక్కలా మూడున్నర అడుగుల గోడ మిగిలి, బరువు రెండు రెట్లే అవుతుంది, ఒత్తిడి సుమారు 5 కిలోల దగ్గర ఆగుతుంది. రెండంతస్తుల ఇటుక ఇంట్లో గోడ పొడవులో సగానికి మించి ఖాళీలు ఉంచకపోవడమన్న నియమానికి కూడా అది సరిపోతుంది. 12 అడుగులే కావాలని పట్టుదల ఉంటే రెండు చివరలా కొత్త పునాదితో కాంక్రీటు పిల్లర్లు లేపవలసి ఉంటుంది. అది వేరే స్థాయి పని, ఇంజనీరు డ్రాయింగు లేకుండా తలపెట్టవద్దు.

7 అడుగుల దారికి ఇనుప గడ్డర్లు కాంక్రీటు బీము కన్నా అనుకూలం. ఉన్న గోడ కింద బీము పోస్తే పైన కాంక్రీటు సరిగా నిండదు, నిండినా ఆరేటప్పుడు కుంచించుకుని సందు పడుతుంది. పోట్లు 14 రోజులు తీయకూడదు. మన ప్రాంతంలో ఎక్కువగా దొరికే స్లాగు సిమెంటుకు ఎండాకాలంలో తడుపు కూడా 14 రోజులు కావాలి. గడ్డరు బిగించిన వెంటనే బరువు అందుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. నా లెక్క ప్రకారం 200 మిల్లీమీటర్ల ఎత్తున్న, ఇంగ్లీషు ఐ అక్షరం ఆకారపు గడ్డర్లు, అంటే ఐఎస్ఎంబీ 200, రెండు పక్కపక్కన వేస్తే బలానికి సరిపోవడమే కాక వంపు సుమారు రెండు మిల్లీమీటర్ల లోపలే ఉంటుంది. 150 సైజువి రెండు వేస్తే చాలవు. 250 సైజువి రెండు కలిస్తే 250 మిల్లీమీటర్ల వెడల్పు అయి మీ గోడలో ఇమడవు. ఒక్కొక్క 9 అడుగుల ముక్క 70 కిలోలు ఉంటుంది కనుక నలుగురు మనుషులు ఎత్తగలరు. గోడను కళ్లారా చూసి, కొలతలు తీసుకున్న ఇంజనీరు ఈ సైజును ఖాయం చేయాలి, ఉత్తరంలో ఉన్న కొలతలతో నేను చెప్పగలిగినది ఇంతే.

రెండు గడ్డర్లు అనడానికి ఇంకో కారణం పని జరిగే తీరులో ఉన్నది. ముందుగా దారి రెండు చివరల పైన, గడ్డరు కూర్చునే చోట, 18 అంగుళాల పొడవు, 6 అంగుళాల మందం ఉన్న కాంక్రీటు దిమ్మలు పోసి వారం తడపాలి. అవి లేకపోతే గడ్డరు అంచు ఇటుకల్లోకి దిగబడుతుంది. తరవాత రెండు వైపులా జాకీలు పెట్టి, హాలు వైపు నుంచి గోడ మందంలో సగం మాత్రమే, అంటే నాలుగున్నర అంగుళాల లోతున, గడ్డరు పట్టేంత గాడి కొట్టాలి. అప్పుడు మిగిలిన సగం గోడ బరువు మోస్తూనే ఉంటుంది. మొదటి గడ్డరు గాడిలో కూర్చోబెట్టి, దానికి, పై ఇటుకలకు మధ్య సందులో సన్నని ఇనుప పలకలు బిగించి, మిగిలిన సందును ఒకటికి మూడు పాళ్ల పొడి మాలుతో కూరాలి. ఆ మాలు పిడికిట్లో ముద్ద కట్టాలి గాని అరచేయి తడవకూడదు. నీళ్లెక్కువైన మాలు ఆరి కుంచించుకుంటుంది, దానివల్ల పైనున్న గోడ ఆ మేరకు దిగుతుంది. మూడు రోజులు ఆగి, భోజనాల గది వైపు నుంచి మిగతా సగంలో రెండో గడ్డరు అదే విధంగా ఎక్కించాలి. రెంటినీ రెండడుగులకు ఒక బోల్టుతో కలిపి బిగించి, మధ్య ఖాళీని సన్నకంకర కాంక్రీటుతో నింపాలి. అప్పటి వరకు కింది గోడను తాకవద్దు.

గోడ తీసేటప్పుడు సమ్మెటతో బాదకుండా, రెండు అంచుల్లో కట్టరుతో గీత కోసి, పై వరస నుంచి కిందికి ఇటుక ఇటుకగా తీయించండి. జాకీలు మరో వారం ఉంచి, మధ్యలోనివి ముందు, చివరలవి తరవాత, కొద్దికొద్దిగా వదులు చేయాలి. గోడలో కరెంటు పైపులు, నీళ్ల పైపులు ఎక్కడున్నాయో పని మొదటి రోజుకు ముందే చూసుకోండి. బరువు మోసే గోడను మారుస్తున్నారు కనుక మునిసిపల్ కార్పొరేషన్‌లో అనుమతి విషయం కూడా ముందుగా అడిగి తెలుసుకోండి.

ప్రశ్న (రాయగడ నుంచి ఒక పాఠకుడు): మాది పిల్లర్ల మీద కట్టిన అపార్టుమెంటు. రెండు గదుల మధ్య నాలుగున్నర అంగుళాల గోడ తీయాలంటే బీము కావాలా?

సమాధానం: మామూలుగా అక్కరలేదు. పిల్లర్లు, బీములు ఉన్న కట్టడంలో ఆ గోడ గదులను విడదీయడానికి కట్టినది, దాని బరువును కింది బీమో స్లాబో మోస్తుంది. అయితే రెండు విషయాలు చూడండి. ఆ గోడ మీద లాఫ్టు గాని, వంటగది గట్టు గాని ఆనుకుని ఉంటే వాటికి వేరే ఆధారం ఇవ్వాలి. పైన బీము కనబడకుండా స్లాబు నేరుగా గోడకు ఆని ఉంటే, ఏళ్ల తరబడి కొద్దిగా వంగిన స్లాబు ఆ గోడ మీద కొంత వాలి ఉండవచ్చు. అందువల్ల ముందు పై వరస ఇటుకలు మాత్రం తీయించి ఒక రోజు ఆగి చూడండి. గోడంతా తీయకుండా తలుపు వరకే దారి పెడితే రెండు పక్కలా 6 అంగుళాలు కూర్చునే మామూలు లింటెల్, అంటే తలుపు పైన వేసే అడ్డదూలం చాలు. గోడ గదుల మధ్యదే అయినా అపార్టుమెంటు సంఘానికి చెప్పకుండా కొట్టడం తగదు.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు): మా తాతలనాటి పెంకుటింటి వీధి గోడ 18 అంగుళాల మందం, మట్టి అడుసుతో కట్టినది. అందులో 8 అడుగుల షట్టరు పెట్టి చిన్న కిరాణా దుకాణం తెరవాలనుకుంటున్నాను. గోడలో గాడి కొట్టి గడ్డర్లు దూరిస్తే చాలునా?

సమాధానం: అయ్యా, పైన బరంపురం ఇంటికి చెప్పిన ఆ పద్ధతి మీ ఇంటికి పనికిరాదు. గాడి కొట్టినప్పుడు మిగిలిన సగం గోడ నిలబడుతుందన్న నమ్మకం సిమెంటు మాలుతో కట్టిన గోడకే చెల్లుతుంది. అడుసు గోడలో రాళ్లు, ఇటుకలు ఒకదాని మీద ఒకటి బరువుతో కూర్చున్నవే గాని ఒకదానినొకటి పట్టుకున్నవి కావు. ఒక రాయి లాగితే పైవి గింజల్లా రాలుతాయి. కొందరు మేస్త్రులు గోడకు అడ్డంగా కన్నాలు పెట్టి దుంగలు దూర్చి పోట్లు పెడతామంటారు. అడుసు గోడలో రెండు దుంగల మధ్య భాగం జారిపోవడం నేను చూశాను.

మీ ఇంట్లో కప్పు తేలిక, గోడే బరువు. షట్టరు పైన నాలుగడుగుల గోడ ఉన్నా, 8 అడుగుల పొడవుకు అది సుమారు రెండున్నర టన్నులు. ఇంత బరువును నిలబెట్టి కోయడం కన్నా, విప్పి కట్టడమే నయం. వెన్నుపట్టెను, వాసాలను లోపలి వైపు నుంచి విడిగా సరుగుడు పోట్ల మీద నిలిపి, షట్టరు వచ్చే మేర పెంకులు దించి, ఆ భాగం గోడను పై నుంచి పునాది దాకా విప్పించండి. రెండు చివరలా కొత్త పునాది మీద కాంక్రీటు పిల్లర్లు, వాటి మీద బీము పోయించండి. బీము ఆరిన తరవాత పైన సిమెంటు మాలుతో 9 అంగుళాల గోడ మాత్రమే కట్టుకోవచ్చు. పాత 18 అంగుళాల మందం అక్కడ అవసరం లేదు, బరువు సగమవుతుంది.

పర్లాకిమిడి వారికి గాలి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాను ఎలా కుదిపిందో మీరు చూసినదే. వీధి వైపు 8 అడుగుల ఖాళీ ఉన్న ఇంట్లో షట్టరు ఊడితే గాలి లోపలికి దూరి కప్పును కింది నుంచి పైకి తోస్తుంది. అందుకని బీము పోసేటప్పుడే ఇనుప పట్టీలు అందులో నిలిపి ఉంచి, తరవాత వాసాలకు, దూలాలకు చుట్టి బోల్టులతో బిగించాలి. ఊరికే పైన పెట్టిన వాసం గాలికి లేస్తుంది. వానాకాలంలో తడిసిన అడుసు గోడకు బలం సగం కూడా ఉండదు కనుక జూన్ నుంచి అక్టోబరు దాకా ఈ పని పట్టవద్దు. మీ వీధిలో ఇళ్లు గోడ పంచుకుని ఉంటే, పొరుగువారి దూలాలు ఆ ఉమ్మడి గోడలో ఎక్కడ దిగి ఉన్నాయో వారితో కలిసి చూసి, వారి ఒప్పుదలతోనే మొదలుపెట్టండి.

ప్రశ్న (గోపాలపురం నుంచి ఒక పాఠకురాలు): సముద్రానికి దగ్గరి ఇల్లు మాది. హాలు నుంచి వరండాలోకి తీసిన పెద్ద దారిపైన పాత కాంక్రీటు బీము అడుగు పెచ్చులు ఊడి ఊచలు కనబడుతున్నాయి. కొత్తగా గడ్డరు వేసినా తుప్పు పట్టదా?

సమాధానం: పడుతుంది, ఇనుమేదైనా ఉప్పు గాలికి లోబడినదే. ఎంత ఆలస్యంగా పడుతుందన్నదే మన చేతిలో ఉన్నది. కాంక్రీటులో ఊచల మీద ఉండవలసిన పొర మామూలు చోట 20 మిల్లీమీటర్లయితే, తీరపు గాలికి నేరుగా తగిలే చోట 45 ఉండాలి, కాంక్రీటు బలం కూడా ఎం30 అనే స్థాయి కన్నా తక్కువ కాకూడదు. మీ పాత బీములో పొర అర అంగుళమే ఉండి ఉంటుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి పెచ్చులను తోసేస్తుంది కనుక పైపైన పూత వేస్తే ఏడాదికే మళ్లీ రాలుతుంది. మిగిలిన ఊచ మందాన్ని కొలిపించి, అయిదో వంతు కన్నా ఎక్కువ పోయి ఉంటే ఆ బీమును నమ్మకుండా జాకీలు పెట్టి మార్పించండి.

గడ్డరే వేయదలిస్తే తుప్పు పూర్తిగా గీకి, జింకు ఎక్కువగా ఉండే ప్రైమరు రెండు పూతలు వేసి, ఆరిన తరవాతే గోడలోకి ఎక్కించాలి. గోడలోకి దిగే చివరలకు మళ్లీ పూత వేయడం ఎప్పటికీ కుదరదు కనుక అక్కడ మూడో పూత కూడా వేయించండి. మాలులోకి ఒడ్డు ఇసుకను, బావిలో ఉప్పు తగిలే నీళ్లను రానివ్వవద్దు. గడ్డరు చుట్టూ కోడివల చుట్టి కాంక్రీటు పొర వేస్తే మంచిదే గాని, వరండా వైపు అంచు కింద నీరు జారిపోయేలా చిన్న గాడి తీయించడం మరచిపోకండి. ఆ గాడి లేని చోట వాన నీరు బీము అడుగునే పాకుతుంది.